కుడివైపు తిప్పమన్న గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఫోన్‌లో మాట్లాడే యాప్‌లను టెస్ట్ చేయడం నా ఉద్యోగం. గొంతు ఎక్కడినుంచి వచ్చినా దాని వెనక ఒక కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నమ్మేదాన్ని. ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు.

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా పక్కింటాయన పేరు హెన్రీ. వందేళ్లకు దగ్గరపడ్డ మనిషి. టెక్సాస్‌లోనే పుట్టినా వాళ్లింట్లో తాతల నాటి జర్మన్ మాట్లాడేవారట. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన్ని ఇంగ్లండ్ పంపి రేడియో ముందు కూర్చోబెట్టారు. మిత్రదేశాల బాంబర్లు రాత్రిపూట జర్మనీ మీదికి వెళ్తుంటే, వాటిని కూల్చడానికి జర్మన్ ఫైటర్ విమానాలు చీకట్లో కాచుకునేవి. ఎటు వెళ్లాలో వాటి పైలట్లకు కింది నుంచి రేడియోలో చెప్పేవారు. ఆ మాటల మధ్యలో దూరి, అచ్చం వాళ్ల అధికారిలా తప్పుదారి చెప్పడం హెన్రీ పని. అది కనిపెట్టి జర్మన్లు ఆడవాళ్లతో చెప్పిస్తే, హెన్రీ వైపువాళ్లూ ఆడవాళ్లను కూర్చోబెట్టారట.

మొన్న వసంతంలో ఆయన కూతురు ఊళ్లో లేకపోతే, నేనూ మా ఆయన శ్రీధర్ ఆయన్ని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. తిరిగొస్తుంటే పట్టపగలే ఆకాశం నల్లబడి కుండపోతగా వాన. హైవే మీద ట్రాఫిక్ ఆగిపోవడంతో ఎప్పుడూ వెళ్లని చిన్న రోడ్డు పట్టుకున్నాం. నేను డ్రైవ్ చేస్తున్నాను. పక్కన హెన్రీ, వెనక శ్రీధర్. అద్దంలోంచి ఏమీ కనిపించడం లేదు. ఫోన్‌లో దారి చెప్పే ఆడగొంతు ఎటంటే అటు పోతున్నాను.

కుడివైపు తిప్పమంది. ఇండికేటర్ వేశాను.

హెన్రీ నా మోచేయి పట్టుకున్నారు. "తిప్పకు. మాట్లాడేది ఆమె కాదు."

ముందు ఆయన్నే అనుమానించాను. పెద్ద వయసు, వానకి కంగారు పడ్డారేమో అనుకున్నాను. గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి తొందరపెడుతున్నట్టుగా.

"రైట్ తీస్కో! చెప్తున్నది కదా!" అని శ్రీధర్ వెనకనుంచి అరిచాడు.

హెన్రీ పట్టు వదల్లేదు. ఎందుకో తెలియదు, నేరుగా పోనిచ్చాను.

ఆ మలుపు దాటాక ఫోన్ మామూలుగా, ఇంగ్లీషులో, ఇలాగే నేరుగా వెళ్లమంది. మలుపు తప్పిపోయామనలేదు. అసలు మలుపే చెప్పనట్టు మాట్లాడింది.

"ఇప్పుడు మాట్లాడింది ఆమే," అన్నారు హెన్రీ.

మర్నాడు వెళ్లి చూశాం. ఆ కుడి రోడ్డు పల్లంలోకి దిగి వాగును దాటుతుంది. నీళ్లు ఇంకా రోడ్డు మీదినుంచే పారుతున్నాయి.

ఎవరైనా ఫోన్ హ్యాక్ చేశారా, పక్క కారు బ్లూటూత్ కలిసిందా అని అన్నీ వెతికాను. శ్రీధర్ ఆటపట్టించాడేమో అని కూడా అనుమానించాను. తీరా చూస్తే అతను నన్ను అనుమానిస్తున్నాడు.

"అసలు తెలుగు వాయిస్ ఎప్పుడు పెట్టినవ్? అది కూడా మా కరీంనగర్ మాట! 'కుడి దిక్కు మలుపు బిడ్డా' అన్నది!"

నేను విన్నది 'కుడిపక్కకి తిప్పమ్మా' అని. మా ఒంగోలు మాట, మా అమ్మ నన్ను పిలిచే తీరు. అంత సొంతంగా వినిపించడం వల్లే, అది తెలుగన్న సంగతి కూడా నాకు తట్టలేదు. ఫోన్ సెట్టింగ్ ఇంగ్లీషులోనే ఉంది.

హెన్రీని అడిగాం. ఆయనకు జర్మన్‌లో వినిపించిందట.

"మా అమ్మ వంటింట్లో మాట్లాడే జర్మన్," అన్నారు. "ఆ యాస నాతోనే పోతుంది. నా గురించి అంత తెలిసిన గొంతు ఆ వానలో దారి చెప్పిందంటే, అది నా మంచికి కాదనుకున్నాను. నేను చేసిన పనీ అదే కదా."

మళ్లీ ఆయనే, "నా మాట నమ్మి ఎంతమంది కుర్ర పైలట్లు ఎక్కడ దిగారో నాకు తెలీదు," అన్నారు.

కారులోని డాష్‌క్యామ్ కెమెరా రికార్డింగ్ ఇంకా నా దగ్గరుంది. అందులో వాన చప్పుడు, హెన్రీ మాట, శ్రీధర్ అరుపు ఉన్నాయి. ఆ గొంతు లేదు. అదెవరిదో నేను చెప్పలేను. దానికి మా అమ్మ పిలుపు ఎలా తెలిసిందో అసలే చెప్పలేను.