లోపలి అంకెలు

నర్సింగమ్మ గొర్లకాడ పుట్టి గొర్లకాడ పెరిగిన మనిషి. గుట్టలన్ని తిరిగిన కాళ్లు. అసొంటి మనిషిని తెచ్చి రామన్నపేట అవతల కోళ్లఫారంల పెట్టి గేటుకు తాళమేస్తె ఎట్లుంటది, మీరే చెప్పుండ్రి! రోగమొచ్చి జీవాలన్ని పోయినంక ఆమె, పెనిమిటి దశరథం ఆ షెడ్డు పక్క రేకుల అర్రల పడ్డరు. కోడిపిల్లలు దిగిన మొదటి వారం కట్టడి ఒక్కటే: లోపలోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు లోపలికి రావద్దు. రోగం మోసుకొస్తరని భయం. తాళంచెయ్యి సూపర్‌వైజర్ విజేందర్ జేబుల ఉంటది.

"జైల్ల పడ్డా మాట్లాడనీకి నలుగురుంటరు," అని ఆమె నవ్వుకుంట అనేది. ఆ నవ్వు కడుపులకెల్లి వచ్చింది కాదు.

షెడ్డుల గోడగడియారమంత టెంపరేచర్ మీటరొకటి వేలాడుతది. దాంట్ల బయటొక వరుస అంకెలు, లోపలొక వరుస. "ముల్లు బయటి తొంబై అయిదు మీదుండాలె. లోపలి అంకెలతోని నీకు పనిలేదు," అని విజేందర్ మొదటిరోజే చెప్పిండు. ఆమె గట్లనే చేసింది. జరం సంగతి గూడ ఆమెకు ఎరికే: నూరు దాటితె జరం, నూట మూడైతె దవాఖాన. చిన్నప్పటిసంది ఊర్లె విన్న లెక్క అది. ఇగ ఎండ సంగతంటరా, టీవీల నలబై నాలుగంటరు, అందరు అబ్బో అంటరు. జరానికొక లెక్క, ఎండకొక లెక్క ఎందుకని ఎవలన్న అడిగిండ్రా? ఆమె మాత్రం ఎందుకడుగుతది?

కరోన పోయినంక వచ్చిన ఒక మే నెల. కోడిపిల్లలు దిగి ఇంక వారం కాలె. ముల్లు తొంబై అయిదు దాటి ఎక్కుతనే ఉన్నది. ఆలుమగలిద్దరు గోనెపట్టాలు తడిపి షెడ్డు చుట్టు కడుతున్నరు. రేకులమీద నీళ్లు కొట్టనీకి ఎక్కిన దశరథం దిగంగనే గోడకు ఒరిగి కూలవడ్డడు. ఒళ్లు పెనం లెక్క కాలుతాంది.

జరం చూసే పాత గాజు థర్మామీటర్ పలిగితె విజేందర్ అంతకుముందే కొత్తది తెచ్చిచ్చిండు, అంకెలు వెలిగేది. దాన్ని చంకల పెట్టి చూసింది. నలబై.

"నలబైయేనాయె! నూరుల సగం గూడ లేదు. జరం లేదయ్యా నీకు, ఎండకు కండ్లు తిరిగినయి. జర పండుకో," అన్నది.

చెయ్యి పెడితె చెయ్యి కాలుతాంది, అయినా అంకెనే నమ్మింది. నమ్మకపోతె ఏం చేస్తది! గేటుకు తాళం. షెడ్డు నిండ నోర్లు తెరిచి రొప్పే పిల్లలు. పట్టాలు ఆరితె అన్ని సస్తయి. ఆ నలబై అన్న అంకెను చూసి ఆమె పానం నిమ్మళమైంది. పోయి పట్టాలు తడిపింది.

పొద్దు వంగేటాళ్లకు దశరథం లేని గొర్లను పిలువవట్టె. చేతులు ఊపుకుంట "ఇటు రా, ఇటు రా" అంటుండు. ఆమె మళ్ల పెట్టి చూసింది. నలబై ఒకటి. ఒక్కటే పెరిగింది గదా అనుకున్నది గని మనసు ఒప్పలే. విజేందర్‌కు ఫోన్ కొట్టింది.

"సారూ, మా ఆయన లేని గొర్లను పిలుస్తుండు. చూస్తె నలబై ఒక్కటే ఉన్నది."

"నలబై ఒకటా! అక్కా, అది సెంటిగ్రేడ్! మనం చెప్పుకునే లెక్కల నూట ఆరు! ఒంటిమీద నీళ్లు కుమ్మరియ్యి, నేనొస్తున్న!"

షెడ్డుకు కట్టిన తడిపట్టాలన్ని గుంజి మొగనిమీద కప్పింది. ఉరికి గేటు పట్టుకొని ఊపింది, అరిసింది, మళ్లొచ్చి నీళ్లు పోసింది. విజేందర్ వచ్చి తాళం తీసేసరికి దీపాలు పెట్టే యాళ్లయింది. చిట్యాల దవాఖాన రాకముందే ఆటోల, ఆమె ఒడిలనే దశరథం పానం పోయింది.

కర్మలైనంక ఏడికి పోవాలె? ఊర్లె జీవాలు లేవు, ఉన్న ఇల్లు కూలింది. మళ్ల ఆ అర్రకే వచ్చింది. కొత్తపిల్లలు దిగినయి, గేటుకు తాళం పడ్డది. ఆనాడు మొదటిసారి మీటరు లోపలి వరుస చూసింది. తొంబై అయిదు కింద ముప్పై అయిదు. నూట నాలుగు కింద నలబై. దినాం కొంగుతోని తుడిచిన అద్దం ఎనుకనే ఉన్నయి.

"అక్కా, తొంబై అయిదు, మర్సిపోకు," అన్నడు విజేందర్ గేటు అవతలికెల్లి.

"లోపల ముప్పై అయిదు," అన్నది.

"లోపలి అంకెలు మనకెందుకక్కా?"

"నా మనిషి ఆ అంకెలల్లనే పాయె గద సారూ," అన్నది నర్సింగమ్మ.