పావురాల తుపాకీ, ఆయన కుడి చెవి

మా ఆయనకు ఎడమ చెవి వినపడదు. చాలా ఏళ్ళ కిందట జ్వరంలాంటిదేదో వచ్చి, పోతూ పోతూ ఆ చెవిని తీసుకుపోయింది. అప్పటినుంచి మా కాపురమంతా కుడివైపుకు జరిగింది. సోఫాలో నేను ఆయనకు కుడివైపు, మంచం మీద కుడివైపు, నడకకు వెళ్ళినా కుడివైపే. మేముండే ఈ దేశంలో డ్రైవరు సీటు ఎడమవైపు, ఆయన కారు నడిపితే నా సీటు ఎలాగూ కుడివైపే వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. హైదరాబాదు వెళ్ళి ఆయన స్టీరింగు పట్టుకున్నారంటే మాత్రం నేను ఎడమకు పడతాను, ఇక దారంతా నా మాటలు గాలికే. సెలవుల్లో ఆయనకు అన్నిటికంటే నచ్చే భాగం అదేనని నా అనుమానం.

అందుకే రిటైరయ్యాక షాట్‌గన్ కొంటానని ఆయన అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ గదిలో మానిటర్ చప్పుడు కాస్త తేడాగా వినిపిస్తే చాలు, తల తిప్పి చూసే అలవాటు. ఉన్న ఒక్క చెవినీ తీసుకెళ్ళి తుపాకీ పక్కన పెడతానంటే ఎలా ఊరుకుంటాను?

కారణం పావురాలు. మా ఊరు చాండ్లర్ దాటి దక్షిణంగా వెళితే, కొత్త ఇళ్ళు ఆగిపోయిన చోట ఒక పాల డెయిరీ ఉంది. దాని యజమానికీ మా ఆయనకూ జిమ్‌లో స్నేహం కుదిరింది. అక్కడ వందలకొద్దీ పావురాలు ఆవుల దాణాలో పడి తింటాయి, తిన్నచోటే రెట్టలు వేస్తాయి, దానివల్ల దూడలు జబ్బు పడుతున్నాయట. పాపం, ఆ మనిషి వలలు కట్టాడు, మెరిసే రిబ్బన్లు వేలాడదీశాడు, ప్లాస్టిక్ గుడ్లగూబను తెచ్చి నిలబెట్టాడు. పావురాలు వెళ్ళి దాని నెత్తి మీదే కూర్చున్నాయి. మామూలు తుపాకీ పేలిస్తే ఆవులు బెదిరి పాలు సరిగా ఇవ్వవు, కొత్త ఇళ్ళవాళ్ళు పోలీసులకు ఫోన్ చేస్తారు. సైలెన్సర్ బిగించిన షాట్‌గన్ ఒక్కటే దారి అని ఆ యజమానే మావారికి ఎక్కించాడు.

మా స్నేహితుల్లో సగం మంది పొద్దున్నే పెరట్లో పావురాలకు బియ్యం చల్లేవాళ్ళు. వాళ్ళ ముందు ఈ సంగతి ఎత్తకూడదని నేననుకుంటే, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో మా ఆయనే ఎత్తారు.

"అదేంటి అన్నయ్యగారూ, మేం రోజూ ఫీడ్ చేస్తుంటే మీరెళ్ళి షూట్ చేస్తారా? పాపం కాదూ?" అంది ఒకావిడ, పులిహోర గరిటె అలాగే పట్టుకుని.

"మీరు ఫీడ్ చేయబట్టే కదమ్మా ఇన్ని అయ్యాయి" అన్నారీయన.

కాలేజీ చదువుతున్న వాళ్ళమ్మాయికి మాత్రం వేరే సందేహం వచ్చింది. "అంకుల్, సైలెన్సర్ పెడితే మూవీస్‌లో లాగా సౌండ్ రాదా?"

"ఆల్మోస్ట్ రాదమ్మా" అన్నారు గొప్పగా. ఆ "ఆల్మోస్ట్" దగ్గరే నేను ఆయన్ని ఆపి ఉండవలసింది.

నేను రెండు షరతులు పెట్టాను. సైలెన్సర్‌కు ప్రభుత్వ అనుమతి వచ్చేదాకా తుపాకీ ముట్టుకోకూడదు. వచ్చాక కూడా చెవుల మీద ఇయర్‌మఫ్స్ లేకుండా పేల్చకూడదు. రెండింటికీ బుద్ధిగా తలూపారు.

అనుమతి వచ్చాక, మొదటిసారి చూడటానికి నేనూ వెళ్ళాను. తుపాకీ గొట్టం చివర ఆ సైలెన్సర్ మా ఇంటి అప్పడాల కర్ర అంత ఉంది. ఆయన ఆవుల మేతకు పెంచే ఆల్ఫాల్ఫా పొలం వైపు తిరిగి, పైనుంచి వస్తున్న పావురాన్ని కొట్టారు. ఎవరో గదిలో తలుపు గట్టిగా వేసినట్టు ఒక చప్పుడు, అంతే. చప్పుడు లేదని కాదు, చెవిలో గుచ్చుకునే గుణం పోయింది. ఆవులు తలెత్తకుండా మేస్తూనే ఉన్నాయి. మిగతా పావురాలు ఒక చుట్టు చుట్టి మళ్ళీ అటే వచ్చాయి. పడినవాటిని దగ్గర్లో డేగలను సాకే ఒకాయన పట్టుకెళ్ళేవాడు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే గుండెల మీద బరువు దిగినట్టయింది.

ఇందులో ఒక మెలిక ఉంది. మామూలు తూటా పేలిస్తే అందులోని చిన్న గుళ్ళు ధ్వని కంటే వేగంగా పోతాయి, అప్పుడు పుట్టే ఆ పగులుడు శబ్దాన్ని ఏ సైలెన్సరూ ఆపలేదు. అందుకని నెమ్మదిగా వెళ్ళే తూటాలు వేరే కొనుక్కోవాలి. తలుపు చప్పుడులా వినిపించేది వాటితోనే. ఇది మా ఆయనకు క్షుణ్ణంగా తెలుసు, నాకు బొమ్మ గీసి మరీ చెప్పారు.

ఈ శీతాకాలంలో ఒక పొద్దున మళ్ళీ ఆయన వెంట వెళ్ళాను. గడ్డి మోపులు పెట్టే రేకుల షెడ్డు అంచున ఆయన నిలబడ్డారు, నేను వెనకాల దూరంగా కారు దగ్గర కాఫీ తాగుతున్నాను. చూద్దును కదా, ఇయర్‌మఫ్ కుడివైపుది చెవి మీద లేదు. పైకి తోసేసి ఉంది. వినపడని ఎడమ చెవిని మాత్రం భద్రంగా మూసి ఉంచారు.

"ఏంటండీ అది?" అని అరిచాను.

"వెనకనుంచి వచ్చే వాటి రెక్కల సౌండ్ వినపడట్లేదోయ్. సైలెన్సర్ ఉంది కదా, ఏం కాదు" అన్నారు.

నేను కాఫీ కింద పెట్టి ఆయనవైపు నడవడం మొదలుపెట్టాను. ఈలోగా ఆయన దగ్గరున్న తూటాలు అయిపోయినట్టున్నాయి. పక్కనే ఉన్న డెయిరీ యజమాని తన ట్రక్కులో ఉన్నవి గుప్పెడు తీసి ఇచ్చాడు. మాటల్లో పడి ఈయన వాటి మీద ఏం రాసి ఉందో చూడలేదు. అవి మామూలు తూటాలు. వెంటవెంటనే రెండు పేల్చారు.

ఆ చప్పుడు రేకులకు తగిలి తిరిగొచ్చింది. దూరంగా ఉన్న నా చెవులే గింగురుమన్నాయి. ఆవులన్నీ ఒక్కసారి వెనక్కి తోసుకున్నాయి. ఆయన తుపాకీ ఖాళీ చేసి, జాగ్రత్తగా కింద పెట్టి, కుడి చెవి మీద చెయ్యి వేసుకున్నారు. పిలిచాను. తిరగలేదు. పరిగెత్తి వెళ్ళి కుడివైపు నిలబడి పిలిచాను. నా మొహం చూసి, "ఏమీ వినపడట్లేదోయ్" అన్నారు, చాలా గట్టిగా. తన గొంతు తనకే తెలియని మనిషి మాట్లాడినట్టు మాట్లాడారు.

కారు నేను నడిపాను. అప్పుడు ఆయన నాకు కుడివైపు కూర్చున్నారు, అంటే నావైపు ఉన్నది ఎప్పుడో పోయిన చెవి. అయినా దారంతా తిట్టాను, మధ్యలో ఏడ్చాను, మళ్ళీ తిట్టాను. ఆయన ముందున్న రోడ్డును చూస్తూ కూర్చున్నారు. ఆయనతో మాట్లాడలేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ కారులోనే నాకు అర్థమై భయం వేసింది.

చెవి డాక్టరు చూసి కర్ణభేరి చిరగలేదన్నారు. స్టెరాయిడ్ మాత్రలు రాశారు. వినికిడి తిరిగి రావచ్చు, పూర్తిగా రాకపోవచ్చు, మర్నాడు పరీక్ష చేద్దాం అన్నారు. ఇలాంటి మాటలు నేను ఎంతమంది ఇంటివాళ్ళకు చెప్పి ఉంటానో లెక్కలేదు. అవి వినేవాళ్ళకు ఎలా ఉంటాయో ఆ రోజు తెలిసింది. సాయంత్రం ఒకే సోఫాలో కూర్చుని ఫోన్లలో మెసేజీలు పెట్టుకున్నాం. "అన్నం తింటారా" అని పంపితే, "తింటా" అని ఇల్లదిరేలా అరిచారు. నవ్వబోయి ఆగిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం పరీక్షలో ఆయన వినికిడి ఇదివరకు ఎంత ఉందో అంతే ఉందని తేలింది. ఇప్పుడాయన చిన్న చప్పుళ్ళను లోపలికి వదిలి పెద్దవాటిని ఆపేసే ఎలక్ట్రానిక్ మఫ్స్ వాడుతున్నారు. వాటిలోంచి రెక్కల చప్పుడు బ్రహ్మాండంగా వినపడుతుందట. ఈ సంగతి ముందే కనుక్కుని ఏడవచ్చు కదా అంటే, సారీ అన్నారు. కానీ నా లెక్కలో అసలు పరీక్ష ఆ మధ్యాహ్నానికి ముందే, పొద్దున్న ఇంట్లోనే జరిగింది.

పెసరట్టు పోస్తున్నాను. ఆయన ఇంకా లేవలేదనుకుని, పెనం వైపు చూస్తూ నాలో నేనే గొణుక్కుంటున్నాను. "ముసలాడికి పావురాలు కావలసొచ్చాయి. ఇంట్లో ఉన్న ఒక్క మనిషి మాట వినపడక్కర్లేదు, బయట పిట్టల రెక్కలు వినపడాలి."

"ముసలాడెవరోయ్?" అని వెనకనుంచి వినిపించింది.

వెనక్కి తిరిగాను. గుమ్మంలో నిలబడి ఉన్నారు, జుట్టంతా చెదిరిపోయి. "మీకు వినపడిందా?" అంటే తలూపారు. ఆయన కళ్ళలో నీళ్ళు. "కొంచెం హమ్మింగ్ ఉంది. కానీ వినపడుతోంది. ఇంకా మెల్లిగా తిట్టు, చూద్దాం."

"ఆ తుపాకీని తీసుకెళ్ళి కాలవలో పడేస్తాను."

"కాలవలో పడేస్తావు. ఇంకా మెల్లిగా."

"మీకు బుద్ధి లేదు."

"నాకు బుద్ధి లేదు. ఇంకా."

"మీ డెయిరీ ఫ్రెండుకు అసలే లేదు."

"వాడికి అసలే లేదు. కరెక్ట్. ఇంకా మెల్లిగా అను."

మళ్ళీ పెనం వైపు తిరిగాను. ఈసారి నోట్లోంచి మాట వచ్చిందో లేదో నాకే తెలియలేదు. "చాలా భయపడ్డానండీ" అన్నాను.

ఆయన ఆ మాటను తిరిగి చెప్పలేదు. దగ్గరకు వచ్చి, నా ఎడమవైపునుంచి చెయ్యి చాపి, స్టవ్ ఆపేశారు.