కిర్రుచెప్పులు, ఎర్రడబ్బా

మా ముత్తాత వర్ధన్నపేట వైపు ఐదూళ్లకు పటేలు. ఆయన తండ్రి పేరు చెబితే తాలూకా కచేరి నుంచి వచ్చిన జవాను కూడా గడప బయటే నిలబడేవాడట. మా తాత కాలానికి ఊళ్లు పోయి పేరు మిగిలింది. మా నాన్న కాలానికి పేరు కూడా పోయి, పేరు చెప్పుకునే అలవాటు మిగిలింది. ఆ అలవాటు మాత్రం ఎక్కడా చిల్లు పడకుండా నా దాకా వచ్చింది. హనుమకొండలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ కూడా నేను కూరగాయల బండి దగ్గర బేరమాడేవాణ్ని కాదు (బేరానికి మా నాయనమ్మను, బాపమ్మను పంపేవాణ్ని). ఏ వరుసలోనూ నిలబడేవాణ్ని కాదు. అలాంటి నాకు, మనిషిని చూస్తే మనిషి పక్కకు జరిగిన ఆ కరోనా రోజుల్లో, ఒక కంప్యూటర్ ప్రాసెసర్ కోసం వరుస కట్టాల్సి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వాక ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.

అప్పుడే చదువు ముగించి పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే పనిలోకి దిగాను. చౌరస్తా దగ్గరి స్టూడియో అన్న ఒక్కటే షరతు పెట్టాడు. "తమ్మీ, పని నీకే ఇస్త. గని నీ మిషిన్ తలంబ్రాల కాడికి అచ్చి ఆగిపోతాంది. ముహూర్తాలు షురూ అయ్యేలోపు మంచిది తెచ్చుకో, లేకపోతే ఇంకొకన్ని చూసుకుంట." అది నా మొదటి ఉద్యోగం. మా వంశంలోనే మొదటి ఉద్యోగం. పోగొట్టుకుంటే పోగొట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

ఆ ఏడు రెండు కంపెనీల కొత్త ప్రాసెసర్ల మీద కుర్రాళ్లు రెండు పార్టీలుగా చీలిపోయారు. ఒకరిది ఎర్రడబ్బా, ఒకరిది నీలిడబ్బా. నేను ఎర్రడబ్బా. మా మేనమామ కొడుకు, కేసముద్రం మార్కెట్లో అడ్తి కొట్టు చూసుకునే మా బావ, నీలిడబ్బా. నేను ఎర్రదాన్ని ఎందుకు మెచ్చానో చెబితే మీరు నవ్వుతారు. దాని లోపల పని పంచుకునే భాగాలు ఎక్కువట. అంటే ఒక్క చిప్పులో అంతమంది జీతగాళ్లు! మా ఇంట్లో జీతగాళ్లు మానేసి రెండు తరాలైంది. చేజారిన వైభవం అరచేతిలోకి తిరిగొస్తుంటే వదులుకుంటానా?

"మీ ఎర్రోళ్లది ఉత్త ముచ్చటే బావా," అనేవాడు మా బావ. "పేరు పెద్దది, మార్కెట్ల సరుకుండది. అచ్చం మీ ఇంటి లెక్కనే."

"మీ నీలిది వేడెక్కుతుంది. దాని మీద రొట్టెలు కాల్చుకో," అనేవాణ్ని నేను.

ఆ మాటల వేడిలోనే ఒక ఘనకార్యం చేశాను. ప్రాసెసర్ దొరకకముందే దాన్ని కూర్చోబెట్టే మదర్‌బోర్డు కొనేశాను. ఎర్రదాని బోర్డులో నీలిది ఇమడదు, నీలిదాని బోర్డులో ఎర్రది ఇమడదు. మా వైపు పెద్దలు వచ్చే ముందు గద్దె వేసి ఉంచడం ఆచారం. గద్దె వేశాను. పెద్దమనిషి మాత్రం రాలేదు. ఎక్కడో ఫ్యాక్టరీలు మూతపడ్డాయట, ఓడలు నిలిచిపోయాయట. వచ్చిన కాసిన్నీ హైదరాబాద్ దాటి ఇటు రావడం లేదు.

చివరికి మా వీధి చివరి కంప్యూటర్ దుకాణం సేటు, రేపు పొద్దున సరుకు దిగుతుందని చెప్పాడు. ముందొచ్చినవాళ్లకు ముందు. అయితే జనం గుంపుగా నిలబడితే పోలీసులు ఊరుకోరు. అందుకని సేటు దుకాణం ముందు సున్నంతో గుండ్రాలు గీయించాడు. యూరియా కోసం గోదాముల ముందు రైతులు చేసినట్టే, గుండ్రంలో చెప్పులు విడిచి మనుషులు దూరంగా వేపచెట్టు కింద కూర్చోవాలి. చెప్పులే వరుస.

నా కాళ్లకున్నవి రబ్బరు చెప్పులు, ఒకదాని పట్టీకి పిన్నీసు. ఐదూళ్ల పటేలు మునిమనవడి తరఫున అవి వరుసలో నిలబడటమా? ఇనుప సందూకు తెరిచి ముత్తాత కిర్రుచెప్పులు తీశాను. ఎత్తు మడమ, ముందు మీసంలా మెలితిరిగిన తోలు, వెండి పువ్వులు. అడుగు వేస్తే కిర్రుమని వీధి చివరిదాకా వినబడేవట. ఆ చప్పుడు విన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చెప్పులు విప్పి చేత పట్టుకుని, దారి ఇచ్చి నిలబడేవాళ్లట. ఈ ముచ్చట మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం.

వాటిని గుడ్డలో చుడుతున్న నా చేతులను చూసి బాపమ్మ అంది. "బిడ్డా, అవి పుట్టినకాన్నుంచి ఎవ్వల యెనుక నిలవడలే. జర పైలం."

పొద్దున పొగమంచు వీధిని సగానికి కోసేసింది. ఎనుమాముల మార్కెట్ వైపు నుంచి మిరప ఘాటు సన్నగా వస్తోంది. మాస్కుల వెనక ఎవరు ఎవరో తెలియదు. దుకాణం షట్టరు ముందు, గుండ్రానికొక జత చొప్పున, ఖాళీ చెప్పులు. మనుషులు కనబడకుండా వరుసలో నిలబడ్డట్టే ఉంది. అన్నిటికంటే ముందు ఒక జత టైరు చెప్పులు. ఆఖరి గుండ్రంలో మావి దించాను. దించి నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూశాను. ముత్తాత వచ్చి నిలబడితే, ఆయన ముందు ఇంతమందీ చెప్పులు విడిచేసినట్టు లేదూ ఇది?

చెట్టు కింద రబ్బరు చెప్పులు కనబడకుండా కాళ్లు మడుచుకుని కూర్చున్నాను. పక్కన మా బావ, తమాషా చూడటానికి వచ్చాడు. నీలిడబ్బా గురించి ఏదో దెప్పుతున్నాడు. అప్పుడు వినబడింది.

కిర్రు.

బావ తల దుకాణం వైపు తిరిగింది. ఆఖరి గుండ్రం ఖాళీగా ఉంది. కిర్రుచెప్పులు టైరు చెప్పుల వెనక, రెండో గుండ్రంలో ఉన్నాయి, అక్కడున్న జత గీత అవతలికి జరిగి ఉంది.

"ఎవ్వనియన్నా గా కిర్రుచెప్పులు? లైన్ల రాడా?" అని ఒక మాస్కు అరిచింది.

"నేను లేవలేదు," అన్నాను. నిజమే, లేవలేదు. కాళ్లు మడుచుకుని ఉన్నాను కదా.

"మరెవ్వలు జరిపిండ్లు?"

పరాయివాడి చెప్పు ముట్టుకుంటే రోగం అంటుతుందని అందరూ వణికే రోజులవి. వాటిని ఎవరైనా జరిపారని నమ్మలేం. వెనక్కి పెట్టడానికీ ఎవరూ ముందుకు రాలేదు. మంచు ఇంకొంచెం దిగింది. కాసేపు షట్టరు కూడా కనబడలేదు.

"బావా," అన్నాడు మా బావ మెల్లగా, "పోదాం పా. నీలిది నేనే ఇప్పిస్త. ఫికర్ చెయ్యకు."

కిర్రు.

మంచు విడిపోయేసరికి మా చెప్పులు అందరికంటే ముందున్నాయి. ముంగాళ్లు షట్టరును ఆనుకుని, తలుపు తీయమన్నట్టు.

సేటు షట్టరు ఎత్తాడు. "ఎర్రది ఒక్కటే వచ్చింది. నీలివి ఉన్నయి. మొదటి నంబర్ ఎవరిది?"

మాస్కులన్నీ నా వైపు తిరిగాయి. లేచాను. వెళ్లాను. నా బోర్డు, నా ఉద్యోగం, స్టూడియో అన్న షరతు, అన్నీ ఆ ఒక్క డబ్బాలో ఉన్నాయి. చేయి చాచబోతుంటే పక్కన ఒక ముసలాయన కనబడ్డాడు. సిమెంటు మెట్టు దిగి నాకు దారి ఇచ్చి, టైరు చెప్పులు చేతిలో పట్టుకుని, ఒట్టి కాళ్లతో నిలబడ్డాడు.

"తాతా, మొదట వచ్చింది నువ్వా?"

"అవు దొరా. తొలి బస్సుకచ్చిన. మనుమరాలు ఇంజనీరింగు చదువుతాంది, ఎర్రదే తెమ్మన్నది."

"మరి మా చెప్పులు ముందుకెట్లా వచ్చాయి?"

ముసలాయన తలవంచుకున్నాడు. "నేనే వెట్టిన. మాది మీ ఊరే. మా నాయన ఈ సప్పుడు ఇంటే సేను నడుమనన్నా చెప్పులు చేతుల పట్టుకుంటుండె. ఇయ్యి నా చెప్పుల యెనుక ఉంటే కండ్లతోని చూడలేకపోయిన. చెయ్యి దానంతటదే పోయింది."

బావ ధైర్యం తెచ్చుకుని నవ్వబోయాడు. "మంచిగున్నది. ఆఖరి కాన్నుంచి కూడ నువ్వే తెచ్చినవా?"

"లేదు పటేలా," అన్నాడు ముసలాయన. "నేను ముట్టింది ఒక్కపారే. నా యెనుకకు ఎట్ల నడిచొచ్చినయో నాకెరుకలే."

సేటు మాస్కు పైకి లాక్కున్నాడు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"చెప్పులు తొడుక్కో తాతా," అన్నాను. గొంతు నాది కాదనిపించింది.

"ఇయ్యి ఈడ ఉండంగనా?"

వంగాను. మా ఇంట్లో ఎవరూ ఒకరి ముందు వంగిన ముచ్చట నేను వినలేదు. కిర్రుచెప్పులు ఎత్తి గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాను. అవి చల్లగా లేవు. ఇప్పుడే ఎవరో విడిచినట్టు వెచ్చగా ఉన్నాయి (ఎండకు కాగాయని బావ అంటాడు. ఎండ ఎక్కడిది?).

"సేటూ, ఎర్రది ఆయనకియ్యి," అన్నాను, మాన్యం రాసిచ్చే ముత్తాత గొంతుతో. ఆయన వంతు ఆయనకివ్వడం దానం కాదని ఆ రోజు నాకు తట్టలేదు. ముసలాయన డబ్బా సంచిలో వేసుకుని, టైరు చెప్పులు తొడుక్కుని, టప్ టప్ మని నా ముందు నడిచి బస్సు కోసం పోయాడు. నేను ఆయన వెనక నడిచాను. చంకలోని మూట కిక్కురుమనలేదు.

"ఏం బావా," అన్నాడు మా బావ ఇంటి దగ్గర, "గద్దె ఉన్నది, రాజు లేడా?"

ముహూర్తాలు మొదలయ్యేలోపు నీలిడబ్బాతోనే మిషిన్ తయారైంది. స్టూడియో అన్న పని నాకే ఇచ్చాడు. దాని జీతగాళ్లు కొంచెం తక్కువే, వేడి కొంచెం ఎక్కువే. అయినా తలంబ్రాల దగ్గర ఒక్కసారీ ఆగలేదు. నెత్తి నిటారుగా పెట్టుకుని, పిన్నీసు చెప్పులు దాచుకుంటూ కూర్చున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తాడు. చలికాలం పొద్దున మిషిన్ ఆన్ చేయగానే ఫ్యాన్ ఒక్కసారి కిర్రుమంటుంది. తుడిపించాను, నూనె వేయించాను, మార్పించాను. అయినా అంటుంది. అప్పుడు బాపమ్మ పక్కగదిలో కొంగు సర్దుకుని లేచి నిలబడుతుంది.

నీలిదానికి సరిపోయే బోర్డు కోసం, పాత సామాన్ల సేటుకు ఎర్రబోర్డుతో పాటు ఆ కిర్రుచెప్పులనూ అప్పుడే అమ్మేశాం.