పెద్దమ్మ, రెండు గాజు సీసాలు, ఆవగింజంత బుడగలు

మా చిన్నప్పుడు... బీదర్‌లో మా ఇంటికి చేపల తొట్టి వచ్చిన రోజు, వీధి వీధంతా మా నడింట్లోనే ఉంది. నాన్నకు బజార్లో బట్టల దుకాణం. సరుకు కోసం హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక వింత పట్టుకొచ్చేవాడు. ఈసారి నాలుగు ఎర్ర చేపలు... నీళ్ళ సంచిని ఒళ్ళో పెట్టుకుని, దారిలో మన్నాఏఖేళ్ళిలో బస్సు ఆగినా చాయ్ తాగడానికి దిగలేదట.

తొట్టిలో గాలి మిషిన్ ఒకటి... బుడబుడమని బుడగలు వదిలేది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి విసిరేసి దాని ముందు కూర్చునేదాన్ని. అన్నిటికన్నా చిన్న చేప నాది. పేరు రాణి.

ఇంట్లో పెత్తనమంతా పెద్దమ్మది, అంటే నాన్న వదినది. బడి గడప తొక్కని మనిషి. ప్రతి శుక్రవారం తెల్లవారుతూనే బిందెలు, గంగాళాలు అన్నీ ఖాళీ చేసి, కడిగి, నల్లా నీళ్ళు కొత్తగా పట్టాల్సిందే... గురువారం నీళ్ళు, ఆమె మాటల్లో బేస్తారం నీళ్ళు, చుక్క మిగలకూడదు. చేపల తొట్టికీ అదే మర్యాద.

రెండు శుక్రవారాలు... రెండు చేపలు వెల్లకిలా తేలాయి. రెక్కల నిండా ఆవగింజంత బుడగలు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ మరుసటి గురువారం నాన్న తేల్చేశాడు. "ఈ మిషిన్ గాలి బుగ్గలే సంపుతున్నయి వదినె. మనకెందుకీ పాపం... రేపు నౌబాద్‌ల ఉన్న దోస్తుకు ఇచ్చేస్త."

రాణి వెళ్ళిపోతుందనగానే నాకు అన్నం సయించలేదు. పెద్దమ్మ ఆకు నములుతూ కాసేపు తొట్టి వైపే చూసింది.

"మిషిన్ దినాం నడుస్తాంది గద... మరి చేపలు శుక్రారమే ఎందుకు సస్తున్నయి? రేపు పొద్దుగూకే దాక ఆగు."

తెల్లారి రెండు పెద్ద గాజు సీసాలు పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో అప్పుడే పట్టిన నల్లా నీళ్ళు, మిషిన్ లేదు. రెండోదాంట్లో పారబోయాల్సిన గురువారం నీళ్ళు, మిషిన్ గొట్టం అందులో. చెరో చేప. కొత్త నీళ్ళు రాణి వంతుకొచ్చాయి. పెద్దమ్మ వంట అమ్మకు వదిలేసి, పీట వేసుకుని కూర్చుంది, బడి మానేసి పక్కనే నేను... ఆమె వంటగది వదిలిందంటే మామూలు సంగతి కాదు.

మధ్యాహ్నం కాకముందే రాణి రెక్కలకు సన్నటి బుడగలు పట్టాయి, ఒక పక్కకు ఒరిగింది. పెద్దమ్మ గబుక్కున దోసిలితో ఎత్తి రెండో సీసాలో వేసింది. అక్కడి చేప మిషిన్ బుడగల మధ్య హాయిగా తిరుగుతోంది. సాయంత్రానికి రాణి కూడా తేరుకుంది.

నల్లా నీళ్ళలో ఇరుక్కున్న గాలే అలా చేపలకు అంటుకుంటుందని, నీళ్ళు శుభ్రం చేయడానికి కలిపే క్లోరిన్ మందు కూడా వాటికి పడదని, ఒక రోజు నిలవ ఉంచితే చాలావరకు రెండూ పోతాయని ఎన్నో ఏళ్ళకు చదువుకున్నాను. పెద్దమ్మ పీట మీద కూర్చునే సగం కనిపెట్టేసింది!

నాన్న దుకాణం నుంచి వచ్చాక మా అందరి ముందూ చెప్పింది. "మిషిన్ తప్పేం లేదు. తప్పు నాదే. ఆ రెండిటిని నేనే సంపిన." తర్వాత నా తల నిమిరి, "ఇగ బేస్తారం నీళ్ళు వీటికి తీసి పెట్టు బిడ్డా" అంది. ఎన్నో ఏళ్ళ నియమం... ఒక్క పూటలో మార్చుకుంది.

ఇప్పుడు ఏది అడిగినా ఫోన్‌లో వెయ్యి జవాబులు... తప్పు ఒప్పుకోవడం మాత్రం అవి నేర్పవు. మొన్న మా అమ్మాయితో వాదిస్తూ, తప్పు నాదేనని తెలిసీ గొంతు పెంచాను. పెద్దమ్మ గుర్తొచ్చి సిగ్గేసింది.

పిల్లల ముందు "తప్పు నాదే" అన్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉండేవారా? కింద రాయండి... మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదువుతాను.