అబద్ధాలు పట్టే బల్బు

యాభై ఏళ్ళు వచ్చేదాకా మస్తాన్‌రావు మాట ఎవరూ విన్న పాపాన పోలేదు. ఆయన చెయ్యెత్తితే బస్సు ఆగేది కాదు. ఫలానా కూర వండమంటే ఇంట్లో ఆ ఒక్కటీ తప్ప ఏదైనా వండేవాళ్ళు. ముప్పాళ్ళ పక్కన మా ఊరు. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక పార్టీ ఉంటుంది, ఆయనకు అదీ లేదు. అలాంటివాడు రెండేళ్ళపాటు మా తగాదాలన్నీ తీర్చాడంటే, అది పూర్తిగా ఆయన వసారాలో వేలాడే బల్బు గొప్పతనమే.

ఒక సాయంత్రం బ్రహ్మయ్య ఆ వసారాలో కూర్చుని, "నీ చేలోకి నా గేదె రాలా బావా" అన్నాడు. బల్బు ఆరుతూ వెలుగుతూ టపటపా కొట్టుకుంది. బ్రహ్మయ్య హడలిపోయి, "వచ్చిందిలే, రెండు సాళ్ళు తిన్నది" అని ఒప్పేసుకున్నాడు. అంతే, బల్బు అబద్ధాలు పడుతుందని ఊరంతా పాకింది. మస్తాన్‌రావు భార్య ఝాన్సీలక్ష్మి ఆరు ప్లాస్టిక్ కుర్చీలు కొన్నది.

తగాదా పడ్డవాళ్ళు గొంతు చించుకుంటుంటే ఆయన ఒక్క ముక్క వినేవాడు కాదు. మెడ ఎత్తి బల్బునే చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది. గట్టు తగాదాతో నేనూ ఒకసారి వెళ్ళాను. గెలిచాను కాబట్టి ఆ సంగతి పెంచను.

ఈ ఏడు మిరపకోతలప్పుడు బ్రహ్మయ్య కల్లంలో కాయలు కప్పే పట్టా పోయింది. కోత ముఠా నడిపే కృపామణి మీద అనుమానపడి వసారాకు పిలిపించాడు. "ఏసయ్య తోడు మామయ్యా, నేను తియ్యలా" అని ఆమె అంటుండగానే బల్బు కొట్టుకుంది. మర్నాటి నుంచి ఆమెను ఏ రైతూ కోతకు పిలవలేదు. ముఠాలోని ఆడవాళ్ళు కూడా వేరే ముఠాలో కలిసిపోయారు.

ఆ వారంలోనే మస్తాన్‌రావు ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయింది. ఝాన్సీలక్ష్మి లైన్‌మన్ వెంకటేష్‌ను పిలిపించింది. అతను స్తంభం ఎక్కి చూసి దిగాడు.

"మీ తీగా, హలీమమ్మ కారం మర తీగా ఒకే జాయింట్ మీద ఉన్నయ్ బాబాయ్. అది లూజై కాలిపోయింది. మర మోటారు స్టార్టయినా, దాంట్లో కాయలు పోసినా కరెంటు అటు గుంజుకుంటది, మీ బల్బు కొట్టుకుంటది. ఇట్టాగే వదిలేస్తే తీగ అంటుకుంటది. రేపు లైను ఆపించి బిగిస్తా."

"మరి అబద్ధాలు?" అన్నాడు మస్తాన్‌రావు.

"అబద్ధాలకి మోటారు ఉండదు బాబాయ్."

పక్కసందులోని ఆ మర మోత పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. అందుకే మా చెవులకు అది ఆనదు.

మస్తాన్‌రావు ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని లెక్కలు వేసుకున్నాడు. నోరు మూసుకుంటే పెద్దరికం, ఆరు కుర్చీలు మిగులుతాయి. కానీ కృపామణి ఒట్టు ఆయన చెవిలోంచి పోవడం లేదు. సాయంత్రం ఆయనే ఇంటింటికీ తిరిగి అందరినీ పిలిచాడు. కృపామణి వసారా మెట్టు దిగువనే నిలబడింది.

"ఈ బల్బుకి ఏమీ తెలవదు. మర తిరిగితే కొట్టుకుంటది, అంతే. ఆమె దొంగ కాదు" అన్నాడు మస్తాన్‌రావు.

బల్బు టపటపా కొట్టుకుంది.

"అబద్ధం! నీకేమైంది బావా?" అని బ్రహ్మయ్య లేచాడు. మస్తాన్‌రావు మళ్ళీ చెప్పాడు, మళ్ళీ కొట్టుకుంది. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా మరకు పరుగెత్తాడు.

"అమ్మా హలీమా, ఒక్క పది నిమిషాలు ఆపు."

"కాయలు సగంలో ఉన్నయ్ అన్నా!"

"నీకు దణ్ణం పెడతా తల్లీ."

మర ఆగింది. ఆయన రొప్పుతూ వచ్చి, "కృపామణి పట్టా తియ్యలా" అన్నాడు. బల్బు కదలలేదు. జనం హమ్మయ్య అన్నారు. బ్రహ్మయ్య తల దించుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది! జనం బల్బును కాక తననే నమ్మాలని ఆయనకు పంతం పట్టింది. "ఇప్పుడు పచ్చి అబద్ధం చెబుతా, చూడండి. నడికుడిలో నాకు ఇంకో పెళ్ళాం ఉంది."

బల్బు నిక్షేపంగా వెలిగింది. వంటింట్లోంచి ఝాన్సీలక్ష్మి గరిటెతో వచ్చి, "ఏ వీధిలో?" అంది.

మర్నాడు వెంకటేష్ జాయింట్ బిగించాడు. ఆ తర్వాత బల్బు ఒక్కసారీ కొట్టుకోలేదు. నడికుడిలో ఎవరూ లేరని మస్తాన్‌రావు రోజూ దాని కింద నిలబడి ఒట్టేస్తున్నాడు. "బాగు చేయించాక వేసిన ఒట్టు చెల్లదు" అంటుంది ఝాన్సీలక్ష్మి. రెండుసార్లు నడికుడి వెళ్ళి వీధులు తిరిగొచ్చింది. కుర్చీలు అటకెక్కాయి.

కృపామణికి కోతలు దొరికాయి, ముఠా తిరిగొచ్చింది. ఒకరోజు పనికి పోతూ ఆమె వసారా ముందు ఆగింది.

"నడికుడిలో ఎవరూ లేరని నాకు తెలుసు మామయ్యా" అంది.

ఆయన అలవాటుకొద్దీ తలెత్తి బల్బు వంక చూశాడు. ఆమె చూడలేదు.