మేస్త్రి అన్న మాట

మా మేస్త్రి పోయాడని శుక్రవారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసింది. అప్పుడు నేను పిడుగురాళ్లలో పని మీద ఉన్నాను. చేతులు కడుక్కుని మాచర్ల బస్సెక్కాను. ఆయన్ని మసీదుకి తీసుకెళ్లే జనాజా లేవకముందే చేరాను. ఆయన భార్య నా అరచేతులు తడిమి చూసి, "ఆయన చేతుల్లాగే అయినయ్యే" అని ఏడ్చింది.

ఇవాళ నన్నూ అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. ఆ పిలుపు నాకెలా దక్కిందో మీకు చెప్పాలి.

ఆయన దగ్గర చేరినప్పుడు నేను సిమెంటు తట్ట మోసేదాన్ని. ఆయన టీ తాగుతూ కూడా గోడ వైపే చూసేవాడు. ఎవరి వరస వంకరైనా అరిచేవాడు కాదు. ఆ ఇటుక తనే తీసి, కడిగి, మళ్లీ పెట్టమని చేతికిచ్చేవాడు. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే నేను ఊరికే నాలుగు ఇటుకలు పేర్చాను. అది చూసి తాపీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"చెయ్యి వణికినా పర్లేదమ్మాయ్. గోడ వంగకూడదు, అంతే."

మూడేళ్లు నేర్పాడు.

ఆ తర్వాత కారంపూడిలో ఒక రిటైరైన తెలుగు మాస్టారి ఇల్లు ఒప్పుకున్నాం. ముందు గోడ నాకు అప్పజెప్పాడు. మా జట్టులో సీనియర్ తాపీ పనివాడు ఒప్పుకోలేదు.

"ఏంది బాబాయ్ ఇది? మేస్త్రంటే మగోడు. ఆ మాటే మగోళ్లది."

కుర్చీలో కూర్చుని చూస్తున్న మాస్టారు కల్పించుకున్నారు. "అది అసలు మన మాటే కాదయ్యా. పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. వాళ్లు మెస్త్రె అంటారు. ఇటలీ, స్పెయిన్ వాళ్లకి మాయెస్త్రో. ఫ్రాన్సులో మెత్ర్. అన్నిటికీ మూలం లాటిన్‌లో మాజిస్తెర్. 'ఎక్కువ' అనే మాట నుంచి పుట్టింది. పనిలో పైచేయి ఉన్నవాళ్లు, నేర్పేవాళ్లు అని అర్థం. నన్ను మాస్టారంటున్నారే, అదీ ఇదే. ఇంగ్లీషు మీదుగా వచ్చింది."

"అయితే మీరూ నేనూ ఒకటేనా సార్?" అని మా మేస్త్రి పకపకా నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, "అక్కడ ఆడోళ్లకి ఆ మాట లేదా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు? స్పెయిన్‌లో పంతులమ్మని మాయెస్త్రా అంటారు."

"ఇంకేం. ఈ గోడకి మేస్త్రి ఈ అమ్మాయే."

సీనియర్ తన తాపీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఇద్దరు కూలీలు అతని వెంట నడిచారు. నేను తాపీ కింద పెట్టేశాను.

"నా మూలాన పని ఆగిపోద్ది బాబాయ్. నేను తట్టే మోస్తా."

"మొయ్యడానికి నేనున్నా. నువ్వు కట్టు."

అరవై దాటిన మనిషి తలకి తువాలు చుట్టి, సిమెంటూ ఇసుకా మాలు కలిపి, తట్ట ఎత్తుకున్నాడు. "చాలుద్దా మేస్త్రీ?" అన్నాడు. నన్ను ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి ఆయనే. కళ్లు మసకబారాయి గానీ చెయ్యి ఆపలేదు. పొద్దు వాలేసరికి గోడ భుజం ఎత్తుకి లేచింది. నేను పరంజా ఎక్కి కడుతున్నాను. కింద ఆయన, గడ్డానికి సిమెంటు ఎండి అట్టకట్టినా, మడమలు పైకెత్తి ఇంకో తట్ట అందిస్తున్నాడు.