చెరువుగట్టు మీద నా యుద్ధం

మా వంశంలో ఆస్తులు పోగొట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్క మధ్యాహ్నంలో పరువు పోగొట్టిన ఘనత మాత్రం నాదే. ఎలాగో చెబుతాను. నవ్వండి గాని, కాస్త మర్యాదగా నవ్వండి.

అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతున్నాను. అంటే, చదువుతున్నానని నాన్నగారు అనుకునేవారు. నేను హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని ఫోన్‌లో తుపాకుల ఆట ఆడేవాణ్ణి. ఆట ముదిరి నిద్రలోకీ వచ్చేసింది. చివరికి వార్డెన్ గారు ఏలూరులో మా ఇంటికే వచ్చారు.

"మీ అబ్బాయి నిద్రలో 'కాల్చెయ్, కాల్చెయ్' అని అరుస్తున్నాడండీ. పక్క మంచం కుర్రాడు చాప చుట్టుకుని వరండాలోకి పోతున్నాడు. హింసా ప్రవృత్తేమోనని నా భయం. అదే అయితే హాస్టల్లో ఉంచలేనండీ."

హాస్టల్ సీటు పోతే ఏలూరు నుంచి రోజూ రైల్లో నిలబడి వెళ్ళాలి. మా ఇంటిపేరు గలవాడు నిలబడి ప్రయాణం చెయ్యడమా!

నాన్నగారు వెన్ను ఇంకాస్త నిటారు చేశారు. "ఏవండీ, ఫోన్ ఆటకి చెదిరే రక్తం కాదండీ మాది. ఆదివారం కొల్లేరు పక్కన మా చెరువు దగ్గరికి భోజనానికి రండి. వాడి నిబ్బరం మీరే చూద్దురు గాని."

ఆ చేపల చెరువు మా చేతుల్లోంచి ఎప్పుడో జారిపోయింది. కొనుక్కున్న ఖాదర్ గారు మర్యాదస్తులు గనక ఇంకా "మీ చెరువేనండీ" అంటారు.

ఆదివారం గట్టు మీద నడుస్తున్నాం. నేను తపస్సు ముగించుకొచ్చిన మునిలా అడుగులేస్తున్నాను.

"ఏం బాబూ, మనసెలా ఉంది?" అన్నారు వార్డెన్ గారు.

"ఈ నీళ్ళలా నిశ్చలంగా ఉందండీ."

ఢామ్మని పేలింది.

చేపల్ని కాజేసే నీటికాకుల్ని తోలడానికి మా వైపు చెరువుల మీద టపాకాయలు కాలుస్తారు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అంటే, నా బుర్రకి తెలుసు. కాళ్ళకి తెలియలేదు.

"ఎనిమీ! కవర్, కవర్!" అని అరిచాను. గట్టు మీద చెట్టు లేదు, రాయి లేదు. ఉన్నవాటిలో వెడల్పయినది వార్డెన్ గారే. ఆయన భుజాలు పట్టుకుని చప్పుడు వైపు తిప్పి, వెనక ఉండచుట్టుకు కూర్చున్నాను.

"ఏంటి బాబూ ఇది!"

"కదలకండి సార్! మీరు కదిలితే నేను కనిపిస్తాను!"

రెండోది పేలింది. ఆయన్ని వెనక్కి లాగాను. ఇద్దరం మేత బస్తాల్లా చెరువులోకి దొర్లాం. నీళ్ళలోనూ ఆయన్ని నాకు అడ్డంగానే ఉంచుకున్నాను.

ఖాదర్ గారు పరిగెత్తుకొచ్చారు. "బాబుగారూ, కాకుల కోసమండీ! మీ కోసం కాదండీ!"

గట్టెక్కాక నాన్నగారు నసిగారు. "మరి... సీటు సంగతండీ?"

వార్డెన్ గారు చొక్కా పిండుకుంటూ అన్నారు. "సీటుకేం ఢోకా లేదండీ. నా భయం పూర్తిగా పోయింది. మీ అబ్బాయిలో హింస ఎక్కడిదండీ? దానిక్కూడా కాస్త ధైర్యం కావాలి కదండీ!"

ఇంటికి చేరాం. గుమ్మంలో నాన్నగారు నిట్టూర్చారు. "ఏరా, ఆయన సీటు తీసేసినా బాగుండేదిరా. మావాడు ప్రమాదకరమైనవాడని నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాణ్ణి."

అందుకని, మా వంశానికి మిగిలిన గౌరవం మీద ఒట్టేసి చెబుతున్నాను. మిగిలింది కొంచెమే, అయినా ఒట్టు ఒట్టే. ఇకమీదట ఎక్కడ ఏ చప్పుడైనా ముందు ఛాతీ విరుచుకుని నిలబడతాను. ఆ తరవాతే పరిగెడతాను.